ఆ ప్రకటన అమ్మిందెవరు?

ఫేస్‌బుక్ తెరిచి చూస్తుంటే మధ్యలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రత్యక్షమవుతారు. ఇరవై వేల చిల్లర పెట్టుబడి పెడితే నెల తిరిగేసరికి లక్షలు చేతికొస్తాయని, దీనికి ప్రభుత్వ హామీ ఉందని చెబుతుంటారు. పెదవులు మాటకు తగ్గట్టే కదులుతాయి. గొంతు ఆమెదే అనిపిస్తుంది. ఇలాంటి వీడియోలు బూటకమని పీఐబీ ఫ్యాక్ట్‌చెక్ పదేపదే చెబుతూనే ఉంది, కొత్తవి వస్తూనే ఉన్నాయి. 2024 జనవరిలో సచిన్ టెండూల్కర్ ఒక గేమింగ్ యాప్‌ను మెచ్చుకుంటున్నట్టు వీడియో పుట్టించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ అధిపతులు షేర్ల చిట్కాలు చెబుతున్నట్టు, నవంబరులో రిజర్వు బ్యాంకు గవర్నర్ పెట్టుబడి పథకాలకు పిలుపునిస్తున్నట్టు వీడియోలు తిరిగాయి. ఆ సంస్థలన్నీ హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. వీటి గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ముఖాన్ని ఎలా అతికించారు, గొంతును ఎలా దొంగిలించారు అన్న ఆశ్చర్యమే మిగతావాటిని మింగేస్తోంది. వీటిలో చాలావరకు డబ్బు కట్టి వేయించిన ప్రకటనలన్న సంగతి వెనకబడిపోతోంది. ఎవరో సొమ్ము చెల్లించారు, ఒక కంపెనీ ఆ సొమ్ము పుచ్చుకుని ఎవరికి చూపించాలో ఎంచి మరీ చూపించింది. కాపలా పెట్టాల్సింది ఆ అమ్మకం జరిగే చోట. మనం మాత్రం ఇప్పటిదాకా అక్కడ తప్ప మిగతా చోట్లన్నిటా కాపలా పెడుతున్నాం.

విశాఖ జిల్లాలో ఈ సంగతి మరింత గట్టిగా ఆలోచించాల్సిన కారణాలున్నాయి. ఇది నెలజీతాల ఊరు, పదవీ విరమణ సొమ్ముల ఊరు. ఉక్కు కర్మాగారం, పోర్టు, నేవల్ డాక్‌యార్డు, హెచ్‌పీసీఎల్, పాత బీహెచ్‌పీవీ... వీటిలో ముప్పై, నలభై ఏళ్లు పనిచేసి పీఎఫ్, గ్రాట్యుటీ ఒక్కసారిగా అందుకున్న కుటుంబాలు గాజువాక నుంచి భీమిలి దాకా, పద్మనాభం, ఆనందపురం లాంటి మండలాల దాకా పరుచుకుని ఉన్నాయి. 2025లో ఉక్కు కర్మాగారంలో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద వెయ్యిమందికి పైగా ఉద్యోగులు బయటికొచ్చారు. వాళ్ల చేతిలో ఉన్నది జీవితమంతా కూడబెట్టిన మొత్తం. బ్యాంకు వడ్డీ చాలదు, స్థలాల ధరలు అందవు, పిల్లల చదువులూ పెళ్లిళ్లూ ఆగవు. ఇలాంటి మనిషిని వెతికి పట్టుకోవడం ఒకప్పటి మోసగాడికి కష్టం, ఇల్లిల్లూ తిరగాలి. ఇప్పుడు ఆ వెతుకులాట అవసరం లేదు. వయసు, ఊరు, ఆసక్తులను బట్టి మనిషిని ఎంచి ఇచ్చే యంత్రం అద్దెకు దొరుకుతోంది. పెట్టుబడుల గురించి ఒక్కసారి ఆరా తీసినవాడికి అలాంటి ప్రకటనలే వరసగా చూపించడం దాని పని.

హైదరాబాద్‌లో 2025లో డెబ్బై ఏళ్లు దాటిన ఒక విశ్రాంత వైద్యుడు ఆర్థిక మంత్రి వీడియోను నమ్మి క్రిప్టో పెట్టుబడి పేరుతో రూ. 20 లక్షలకు పైగా పోగొట్టుకున్నారు. చదువుకున్నవాళ్లే ఇలా మోసపోతారా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు. నిజానికి మోసం జరిగే తీరు చూస్తే ఆశ్చర్యపడాల్సింది లేదు. వీడియో చేసేది తలుపు తట్టడం వరకే. దాన్ని నొక్కితే అచ్చం వార్తాపత్రిక వెబ్‌సైట్‌లా ఉండే పేజీ వస్తుంది, పేరూ ఫోన్ నంబరూ అడుగుతుంది. కాసేపట్లో ‘రిలేషన్‌షిప్ మేనేజర్’ ఫోన్ చేస్తాడు. వాట్సాప్ గ్రూపులోనో టెలిగ్రామ్‌లోనో చేరుస్తారు, అక్కడ వందమంది తమ లాభాల స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. మొదట చిన్న మొత్తం కట్టిస్తారు, లాభం చూపించి అందులో కొంత నిజంగానే ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరేది అక్కడ. ఆ తర్వాత పెట్టేది పెద్ద మొత్తం. యాప్‌లో అంకె పెరుగుతూ ఉంటుంది. తీసుకోబోతే పన్ను కట్టాలంటారు, కమీషన్ కట్టాలంటారు, చివరికి ఫోన్లు మూగబోతాయి. ఇదంతా కొన్ని వారాల పాటు ఓపిగ్గా నడిపే వ్యవహారం. దాని వెనక జీతగాళ్లు, షిఫ్టులు, టార్గెట్లు ఉంటాయి.

ఆ జీతగాళ్లలో మనవాళ్లూ ఉన్నారన్నది విశాఖ మరచిపోకూడని విషయం. 2024 మేలో విశాఖ నగర పోలీసులు ఒక మానవ అక్రమ రవాణా ముఠా గుట్టు విప్పారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ తలా లక్షన్నర దాకా వసూలు చేసి, ఇక్కడి యువకులను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, ఫెడెక్స్ పార్శిల్ బెదిరింపులు, షేర్ మార్కెట్ మోసాలు, టాస్క్ గేములు చేయించారు. అదే నెలలో దాదాపు 300 మంది భారతీయులు అక్కడ తిరగబడ్డారు. ఆ తర్వాత బృందాలుగా తిరిగొచ్చినవాళ్లు విశాఖ విమానాశ్రయంలో దిగారు. ప్రకటన చూసి సొమ్ము పోగొట్టుకున్న తండ్రి, ఉద్యోగమని నమ్మి వెళ్లి అలాంటి ఫోన్లే చేయాల్సి వచ్చిన కొడుకు ఒకే వీధివాళ్లయి ఉండొచ్చు. ఈ దందాలో రెండు చివర్లా నలిగింది పేద, మధ్యతరగతి ఇళ్లే.

ఇక పోలీసుల పని చూద్దాం. ఇలాంటి అతికింపు వీడియో, అంటే డీప్‌ఫేక్ కేసును ఛేదించడమంటే ఏమిటో తెలుగునాట బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2023 నవంబరులో నటి రష్మిక మందన్నా ముఖాన్ని వేరే యువతి వీడియోకు అతికించిన దృశ్యం దేశమంతా తిరిగింది. ఢిల్లీ పోలీసుల ప్రత్యేక విభాగం కేసు కట్టి, 500కు పైగా ఖాతాలను జల్లెడ పట్టి, 2024 జనవరి 20న గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువ ఇంజనీరును అరెస్టు చేసింది. అభిమాన పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. అది దేశంలోనే ఉన్న, డబ్బు మోసానికి దిగని, దాక్కోవడం పెద్దగా తెలియని ఒక్క మనిషి కేసు. దేశమంతా మాట్లాడిన కేసు. దానికే రెండు నెలలకు పైగా పట్టింది. మరి, మోసపు ప్రకటన వేయించేవాడు దొంగిలించిన పేజీ నుంచి, దొంగిలించిన కార్డుతో, మూడో దేశంలో కూర్చుని వేయిస్తాడు. కంపెనీ తనిఖీకి ఒక పేజీని, జనానికి ఇంకో పేజీని చూపించే కిటుకులు వాడతాడు. ప్రకటన కొన్ని గంటలో, రెండు మూడు రోజులో నడిచి మాయమవుతుంది. బాధితుడు స్టేషన్‌కు వెళ్లేసరికి వారాలు గడిచిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. బజార్లో అతికించిన పోస్టర్‌ను కానిస్టేబుల్ కూడా చూడగలడు. పత్రికలో వచ్చిన ప్రకటనను ఊరంతా చూస్తుంది, అనుమానం వచ్చినవాడు నలుగురికీ చెబుతాడు. ఫోన్‌లో వచ్చే ప్రకటన ఎంచిన మనిషికే కనిపిస్తుంది. పక్కింటివాడికి కనబడదు, పోలీసుకు కనబడదు, ఎవరి ముఖం దొంగిలించారో వాళ్లకూ కనబడదు. దాన్ని పూర్తిగా చూడగలిగేది ఒక్కరే, దాన్ని అమ్మిన కంపెనీ. ఎవరు వేయించారు, ఏ కార్డుతో కట్టారు, ఎందరికి చూపించారు, ఎందరు నొక్కారు అన్న లెక్క మొత్తం అక్కడే ఉంటుంది. ఐటీ చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ నేరాలను ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. ఒక్కో ఇన్‌స్పెక్టర్ నెత్తిన ఎన్ని కేసులుంటాయో అందరికీ తెలుసు. ఆయన విదేశీ కంపెనీకి లేఖ రాసి, జవాబు కోసం ఎదురుచూసి, ఆ లోపల డబ్బు వెళ్లిన అద్దె ఖాతాల వెంట రాష్ట్రాలు తిరగాలి. చివరికి దొరికేది తన బ్యాంకు ఖాతాను కొన్ని వేలకు అద్దెకిచ్చిన కుర్రాడు. కేసు కాగితం మీద ఛేదించినట్టే, ప్రకటనలు మాత్రం నడుస్తూనే ఉంటాయి. 2024లో దేశంలో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది రూ. 22,845 కోట్లని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. అంతకు ముందటి ఏడాది అది రూ. 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలు. పోలీసుల సంఖ్యను ఏ రాష్ట్రమూ ఈ వేగంతో పెంచలేదు.

పేరున్నవాళ్లకు కోర్టులున్నాయి. 2025 సెప్టెంబరులో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, ఒక్క రోజు తేడాతో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదన్న ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ తర్వాత కూడా చిరంజీవి తన పేరిట వచ్చిన అసభ్య డీప్‌ఫేక్‌ల మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ఉత్తర్వు చేతిలో ఉన్న మెగాస్టార్ పరిస్థితే అది. పైగా ఈ ఉత్తర్వులు కాపాడేది ముఖం యజమానిని. ఆ ముఖాన్ని నమ్మి సొమ్ము పోగొట్టుకున్నవాడికి వాటిలో చోటు లేదు. ఒక ముఖానికి కోర్టు రక్షణ దొరికితే మోసగాడు ఇంకో ముఖం తొడుక్కుంటాడు: ఊళ్లో పేరున్న డాక్టరు, టీవీలో కనిపించే జ్యోతిష్కుడు, స్థానిక ఎమ్మెల్యే. వాళ్లందరూ ఢిల్లీ వెళ్లి లాయర్లను పెట్టుకోలేరు.

ప్రభుత్వం ఊరుకోలేదన్నది నిజమే. ఐటీ నిబంధనలను సవరించి, కృత్రిమంగా తయారుచేసిన దృశ్యాలకు గుర్తు వేయాలని, ప్రభుత్వమో కోర్టో ఆదేశిస్తే మునుపటి 36 గంటలకు బదులు 3 గంటల్లో తొలగించాలని 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి తెచ్చారు. మంచి ఉద్దేశమే. కానీ ఇందులో మొదటి నిబంధన నిజాయతీపరుల మీదే పనిచేస్తుంది. జనాన్ని దోచుకోవడానికి వీడియో చేసినవాడు దాని మీద ‘ఇది కృత్రిమం’ అని ముద్ర వేసుకోడు. రెండోది ఎవరో ఆ ప్రకటనను చూసి, అనుమానించి, ఫిర్యాదు చేసి, అధికారి ఆదేశం ఇచ్చాక గానీ మొదలవదు. ఎంచిన కొద్దిమందికే కనిపించే ప్రకటన విషయంలో ఆ ‘ఎవరో’ ఎక్కువసార్లు అప్పటికే మోసపోయినవాడై ఉంటాడు. తొలగించిన వీడియోకు రంగు మార్చి, పేరు మార్చి ఇంకో పేజీ నుంచి వేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. వీడియోలను గుర్తుపట్టే యంత్రాలకూ, వీడియోలను పుట్టించే యంత్రాలకూ మధ్య పందెం పెట్టి, అందులో మనం గెలుస్తామని నమ్మడం ఒక పోలీసు విధానం కాలేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఐటీ చట్టం 79వ సెక్షన్ సోషల్ మీడియా కంపెనీలకు ఒక రక్షణ ఇచ్చింది. మూడో మనిషి పెట్టిన మాటకు వేదిక బాధ్యురాలు కాదన్నది దాని సారం. ఒక పౌరుడు తన పేజీలో రాసుకున్న అభిప్రాయానికి ఇది సబబే. ఆ రక్షణ లేకపోతే కంపెనీలు భయపడి ప్రతి విమర్శనూ చెరిపేస్తాయి. అయితే ప్రకటన అలాంటి మాట కాదు. దాన్ని కంపెనీ రుసుము తీసుకుని, తన నిబంధనల ప్రకారం ఆమోదించి, తన యంత్రంతో మనుషులను ఎంచి, వేలం పెట్టి చూపిస్తుంది. ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ కేసులో ఈ తేడాను గుర్తించింది. అది గూగుల్‌తో నడిచిన ట్రేడ్‌మార్కుల వివాదం. ప్రకటనల వ్యాపారంలో గూగుల్ చురుకైన భాగస్వామి అని, ఉల్లంఘన తేలితే 79వ సెక్షన్ చాటున దాక్కోవడం కుదరదని ధర్మాసనం చెప్పింది. ఒకరి బ్రాండు పేరును వాడుకున్న ప్రకటనకు వర్తించే తర్కం, ఒక రిటైరైన కార్మికుడి పీఎఫ్‌ను మింగిన ప్రకటనకు ఎందుకు వర్తించదు?

కంపెనీలకు ఈ మోసాలు తెలియవనుకోవడానికి వీల్లేదు. రాయిటర్స్ వార్తాసంస్థ 2025 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అంతర్గత పత్రాలను బయటపెట్టింది. మోసాలు, నిషిద్ధ వస్తువుల ప్రకటనల నుంచి 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం, అంటే సుమారు 1,600 కోట్ల డాలర్లు రావచ్చని కంపెనీయే లెక్కగట్టుకుంది. అనుమానం ఎక్కువగా ఉన్న మోసపు ప్రకటనలు రోజుకు 1,500 కోట్ల సార్లు వినియోగదారులకు కనిపిస్తున్నాయని అంచనా వేసింది. ప్రకటనదారు మోసగాడని 95 శాతం ఖాయమైతే గానీ వెలివేయదు. అంతకు తక్కువ అనుమానం ఉంటే, నిరుత్సాహపరిచే పేరుతో ఎక్కువ రేటు వసూలు చేస్తుంది. ఆ 10 శాతం అంచనా ముతక లెక్కని, చాలా సక్రమమైన ప్రకటనలు కూడా అందులో కలిశాయని, ఫిర్యాదులు బాగా తగ్గించామని మెటా జవాబిచ్చింది. ఆ జవాబును పూర్తిగా ఒప్పుకున్నా, అనుమానితుడి దగ్గర రేటు పెంచి సొమ్ము తీసుకునే పద్ధతి మాత్రం అలాగే మిగులుతుంది. అనుమానం ఉందని తెలిసినచోట వ్యాపారం ఆపడం నష్టం, కొనసాగించడం లాభం. ఈ లెక్క తిరగబడనంత కాలం ఏ హెచ్చరికా పనిచేయదు.

అచ్చు మాధ్యమానికి మన దేశంలో ఏ నియమం ఉందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1867 నాటి పత్రికల చట్టం నుంచి, అచ్చయిన ప్రతి పత్రిక మీదా ముద్రాపకుడెవరో, ప్రచురణకర్త ఎవరో, ఎక్కడ అచ్చయిందో ఉండాల్సిందే. ఎన్నికల వేళ పద్మనాభం సెంటర్లో అతికించే చిన్న కరపత్రం మీద కూడా ప్రింటింగ్ ప్రెస్సు పేరు లేకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద జైలు శిక్ష దాకా ఉంది. అందులో ఏం రాశారన్నది వేరే సంగతి, ఎవరు రాయించారు, ఎవరు అచ్చేశారన్నది ముందు తేలాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ తప్పుదోవ పట్టించే ప్రకటనను ప్రచురించినవారికీ రూ. 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చంటోంది. పత్రికలేమీ పులుకడిగిన ముత్యాలని చెప్పడానికి ఈ మాట అనడం లేదు. అగ్రిగోల్డ్ దాదాపు 32 లక్షల మంది దగ్గర రూ. 6 వేల కోట్లకు పైగా వసూలు చేసిన రోజుల్లో ఆ సంస్థ ప్రకటనలు తెలుగు పత్రికల్లో, చానళ్లలో ధారాళంగా వచ్చాయి. ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్లు ఆ దెబ్బకు ఇంకా కోలుకోలేదు. అయితే అక్కడ ఒకటుంది: కంపెనీ ఎవరిదో, ఆఫీసు ఎక్కడో, ఆస్తులేవో అందరికీ తెలుసు. అందుకే సీఐడీ కేసు నడిచింది, ఆస్తుల జప్తు జరిగింది, కొంతమందికైనా ప్రభుత్వం ద్వారా సొమ్ము వచ్చింది. ఊరూ పేరూ లేని పేజీ వేయించిన ప్రకటన విషయంలో ఆ మొదటి మెట్టే లేదు.

కాబట్టి అడగాల్సింది రెండే. ప్రకటన కొనేవాడెవరో, డబ్బు కట్టేవాడెవరో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు చూసినంత గట్టిగా చూసి గానీ అమ్మకూడదు. అలా చూడకుండా అమ్మిన ప్రకటన వల్ల సొమ్ము పోతే, ఆ నష్టంలో అమ్మిన కంపెనీ వాటా భరించాలి. ఇందులో అసాధ్యమైనదేదీ లేదు. రాజకీయ ప్రకటనలు వేసేవాళ్ల గుర్తింపును మెటా 2019 నుంచే మన దేశంలో తనిఖీ చేస్తోంది. సెబీ చొరవతో 2025 మధ్య నుంచి షేర్లు, పెట్టుబడుల ప్రకటనలకు సెబీ రిజిస్ట్రేషన్ వివరాలు అడుగుతోంది. ఇది ముందడుగే, కాకపోతే మోసగాడు తనది పెట్టుబడి ప్రకటనని ఒప్పుకుంటేనే ఈ తనిఖీ పట్టుకుంటుంది. వార్త వేషంలోనో, ప్రభుత్వ పథకం వేషంలోనో, కీళ్లనొప్పుల మందు వేషంలోనో వచ్చేదాన్ని పట్టాలంటే తనిఖీ అన్ని రకాల ప్రకటనలకూ ఉండాలి. తైవాన్ 2024లో మోసాల నివారణకు ప్రత్యేక చట్టం చేసి, ప్రకటనదారు ఎవరో, డబ్బు పెట్టిందెవరో చూపించడం తప్పనిసరి చేసింది. ఆ వివరాలు సరిగా చూపించలేదని 2025లో మెటాకు జరిమానా వేసింది. సింగపూర్ అదే ఏడాది సెప్టెంబరులో, నాయకుల ముఖాలతో వచ్చే మోసాలను అరికట్టే ఏర్పాట్లు చేయకపోతే 10 లక్షల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా తప్పదని ఆ కంపెనీకే ఆదేశమిచ్చింది. బ్రిటన్ 2024 అక్టోబరు నుంచి ఇలా మోసపోయినవారికి 85,000 పౌండ్ల దాకా బ్యాంకులే తిరిగి చెల్లించేలా చేసింది. అక్కడ బ్యాంకులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: మోసం పుట్టింది సోషల్ మీడియాలో అయితే బిల్లు మేమొక్కళ్లమే ఎందుకు కట్టాలి? 2025 నవంబరులో యూరోపియన్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం ఆ ప్రశ్నకు జవాబు. మోసమని తెలిపినా తొలగించని వేదికలు బ్యాంకులకు ఆ నష్టాన్ని పూడ్చాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది చిన్న వ్యాపారులది. అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గర పచ్చళ్లు పట్టి అమ్ముకునే మహిళ ఐదు వందలు కట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేసుకుంటుంది, ఆమెకు ఈ కాగితాల తలనొప్పి ఎందుకని. ఆలోచించాల్సిన మాటే. అయితే ఆమె ఇప్పటికే సిమ్ కార్డుకు ఆధార్ ఇచ్చింది, యూపీఐకి బ్యాంకు ఖాతా ఇచ్చింది, ఆహార వ్యాపారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు చేయించుకుంది. ఒక్కసారి గుర్తింపు చూపించడం ఆమెకు భారం కాదు. మోసగాడికి మాత్రం అది పెద్ద అడ్డంకి, ఎందుకంటే అతను రోజుకు పదుల కొద్దీ పేజీలు మార్చాలి. అతని సామ్రాజ్యం నిలబడింది చవకగా, పేరు లేకుండా, లెక్కలేనన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టే వీలు మీద. అంతెందుకు, ఆమె పచ్చళ్ల ప్రకటన దొంగ ప్రకటనల మధ్య ఇరుక్కుని నమ్మకం కోల్పోవడం ఆమెకే ఎక్కువ నష్టం.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. డీప్‌ఫేక్‌ల పేరుతో ప్రభుత్వాల చేతికి కత్తెర ఇస్తే, రేపు ఆ కత్తెర వ్యంగ్య చిత్రాల మీద, ప్రతిపక్షాల వీడియోల మీద పడదా? పడుతుంది. సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు ఎంత తేలిగ్గా పెడతారో, అధికారం మారినప్పుడల్లా ఆ కేసుల గురి ఎలా మారుతుందో తెలుగు రాష్ట్రాల్లో అందరూ చూశారు. మూడు గంటల్లో తొలగించాలన్న నిబంధన విషయంలో నా భయమూ అదే. సరిగ్గా ఈ కారణంతోనే కాపలా మాట మీద కాకుండా అమ్మకం మీద ఉండాలంటున్నాను. ప్రకటనలో ఏముందో ప్రభుత్వం చదవనక్కర్లేదు, ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చనక్కర్లేదు. ముఖ్యమంత్రి ముఖంతో ఎగతాళి వీడియో చేసుకున్న కుర్రాడు దాన్ని తన పేజీలో ఉచితంగా పెట్టుకుంటే ఈ నియమం అతని జోలికి రాదు. డబ్బు కట్టి లక్షమందికి చూపించాలనుకున్నప్పుడే పేరు చెప్పాల్సి వస్తుంది. తొలగింపు ఆదేశాల మీద ఆధారపడిన విధానం కంటే ఇది భావ స్వేచ్ఛకు ఎన్నో రెట్లు క్షేమం.

జనం అత్యాశకు పోతే ఎవరేం చేస్తారనే మాట మూడోది. ఈ మాట స్టేషన్లలో వినిపిస్తుంది, ఇళ్లలోనూ వినిపిస్తుంది. సొమ్ము పోయినవాడు సిగ్గుతో ఫిర్యాదు మానుకునేది ఈ మాట వల్లే. అవగాహన సదస్సులు అవసరమే, సైబర్ మోసాల ఫిర్యాదుల 1930 నంబరును ఊరూరా గోడల మీద రాయడం అవసరమే. కానీ దేశ ఆర్థిక మంత్రి స్వయంగా చెప్పిందని, పేరున్న పత్రికలో వచ్చిందని నమ్మడం అత్యాశ కాదు, అది పౌరుడు వ్యవస్థ మీద పెట్టుకున్న నమ్మకం. కల్తీ నూనె వాడి జబ్బుపడినవాణ్ని నువ్వు రుచి చూసి కొనాల్సిందని మనం తిట్టం, అమ్మినవాడి లైసెన్సు అడుగుతాం.

తనిఖీ పెడితే మోసగాళ్లు దొంగిలించిన గుర్తింపులతో వస్తారని, వాట్సాప్‌కో వేరే దేశానికో తరలిపోతారని నాలుగో మాట. కొంత నిజం. అప్పుల యాప్‌ల విషయంలో ఇదంతా చూశాం. 2020 చివర్లో వాటి వేధింపులతో జరిగిన ఆత్మహత్యల తర్వాత తెలంగాణ పోలీసులు యాప్‌ల నిర్వాహకులను పట్టుకున్నారు. 2022లో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నియమాలు పెట్టింది. 2021 ఏప్రిల్ నుంచి 2022 జూలై మధ్య గూగుల్ తన ప్లేస్టోర్ నుంచి 2,500కు పైగా అప్పుల యాప్‌లను తీసేసింది. అయినా 2024 డిసెంబరులో విశాఖలోనే ఒక కొత్త పెళ్లికొడుకు, కొద్దిపాటి బాకీ కోసం భార్య ఫొటోలను మార్ఫింగ్ చేసి బంధువులకు పంపితే ప్రాణం తీసుకున్నాడు. బయట నుంచి ఫైళ్లుగా వచ్చే యాప్‌లు ఇంకా ఉన్నాయి. కానీ ఈ అనుభవం చెప్పే పాఠం ఏమిటి? ఏళ్ల తరబడి అరెస్టులు చేయలేని పనిని అంగడి యజమాని ఒక నియమం మార్చి చాలావరకు చేయగలిగాడు. అది కూడా పోలీసులు, రిజర్వు బ్యాంకు ఒత్తిడి తెచ్చాకే చేశాడు. మిగిలిన దానికే పోలీసు దర్యాప్తు. గుర్తింపు దొంగిలించి వచ్చేవాడి సంగతికి రెండో నియమమే మందు: నష్టంలో వాటా పడుతుందనగానే, దొంగ గుర్తింపును పట్టే తెలివి కంపెనీకి దానంతట అదే వస్తుంది. తెలుగు ప్రకటనలను తెలుగు వచ్చిన మనుషులు చూసే ఏర్పాటు కూడా అప్పుడే జరుగుతుంది. ఎనిమిది కోట్లకు పైగా మాట్లాడే భాషకు ఆ పాటి కాపలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

ఇంకొక అభ్యంతరాన్ని పైకి అనేవాళ్లు తక్కువ, లోపల అనుకునేవాళ్లు ఎక్కువ. విశాఖకు పెద్ద కంపెనీలు వస్తున్న వేళ వాటి మీద కొత్త బాధ్యతలు మోపితే పెట్టుబడులు వెనక్కిపోవా అని. 2025 అక్టోబరు 14న గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ కేంద్రాన్ని కడతామని ప్రకటించింది. దానికి ఎంచిన స్థలాల్లో ఒకటి పద్మనాభానికి ఆనుకుని ఉన్న ఆనందపురం మండలంలోని తర్లువాడ. ఆ కంపెనీ మాతృసంస్థ ఆదాయంలో దాదాపు నాలుగింట మూడొంతులు ప్రకటనల నుంచే వస్తుంది. మన భూమి, మన కరెంటు, మన నీళ్లు ఇచ్చి పిలుస్తున్నాం, తప్పులేదు, ఉద్యోగాలు కావాలి. తైవాన్, సింగపూర్ కఠినంగా అడిగాయని ఈ కంపెనీలు అక్కడి డేటా సెంటర్లు మూసుకుని వెళ్లిపోలేదు. సముద్రపు కేబుళ్లు, భూమి, విద్యుత్తు, తీరం కోసం వచ్చేవాళ్లు ప్రకటనదారుడి పేరు అడిగారని వెనక్కి తిరగరు. పైగా ఇంత పెద్ద రాయితీల మూట ఇస్తున్న రాష్ట్రానికి ఇప్పుడు మాట్లాడే చోటుంది. ఐటీ చట్టాన్ని సవరించే అధికారం కేంద్రానిదే. కానీ కేంద్ర సంకీర్ణంలో ఆంధ్రప్రదేశ్ మాటకు ఈ రోజున్న బరువు ఎప్పుడూ ఉండదు.

అందుకే ముఖ్యమంత్రిని, ఐటీ మంత్రిని, ఉత్తరాంధ్ర ఎంపీలను అడగాల్సింది స్పష్టంగా అడగాలి. డబ్బు తీసుకుని వేసే ప్రకటనలకు 79వ సెక్షన్ రక్షణ వర్తించదని చట్టంలో రాయించండి. కొనుగోలుదారుడి గుర్తింపు లేకుండా అమ్మిన ప్రకటన వల్ల పోయిన సొమ్ములో కంపెనీకి వాటా పెట్టించండి. ప్రతి తెలుగు ప్రకటనా ఎవరు వేయించారో, ఎందరికి చూపించారో రాష్ట్ర సైబర్ పోలీసులు అడిగిన గంటలో చూడగలిగే ఏర్పాటు చేయించండి. అది జరిగేదాకా పాఠకులు చేయగలిగింది కొంత ఉంది. మంత్రో, డాక్టరో, నటుడో లాభాలు చూపిస్తున్న ప్రకటన కనిపిస్తే దాన్ని దాటేయకండి. పేజీ పేరు, లింకు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ప్రకటన మాయమయ్యాక పోలీసులకు మిగిలే సాక్ష్యం అదే. సొమ్ము కట్టేసి ఉంటే ఆ నిమిషమే 1930కు ఫోన్ చేయండి, మొదటి గంటల్లో ఆపిన డబ్బే ఎక్కువగా వెనక్కి వస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇప్పటికే మోసపోయి ఉంటే వాళ్లను కోప్పడకండి, పక్కన కూర్చుని ఫిర్యాదు రాయించండి.